గరాచర్మ బాబాయ్

విశాఖపట్నంలో ఉండే మా పిన్ని కూతురు పోయిన వారం ఫోన్లో ఒక ఫోటో పంపింది. "సెలవుల్లో అండమాన్ వస్తున్నామక్కా. హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. తక్కువలో ఇదొకటి దొరికింది, ఎలా ఉంటుందో కాస్త చెప్పు" అని కింద రాసింది. ఫోటోలో పచ్చరంగు గేటు, దాని వెనక వరసగా మూడు గదులు, గేటు ముందు తెల్ల చొక్కా, గళ్ల లుంగీతో రెండు చేతులూ జోడించి నవ్వుతున్న మనిషి. ఇది హోటల్ కాదు, అండమాన్‌లో మీ ఇల్లు అని ఇంగ్లీషులో రాసి ఉంది. దిగినవాళ్లందరూ ఐదేసి నక్షత్రాలు ఇచ్చేశారు. సొంత మనుషుల్లా చూసుకున్నారని ఒకావిడ మురిసిపోయింది.

ఆ మనిషి పోయి ఏడాది దాటింది. కొడుకు ఇంకా ఫోటో మార్చలేదు. మార్చడు కూడా. ఆ దండానికున్న గిరాకీ ఏమిటో అతనికి బాగా తెలుసు.

చెల్లెలికి వెంటనే జవాబు రాయలేకపోయాను. గది బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. టైల్స్ నేల, లోపలే బాత్రూం, ఎక్కడానికి మెట్లు లేవు, బస్సు ఆగే చోటు పక్కనే. నాలుగు రోజులు తిరిగి పోయేవాళ్లకి అంతకంటే ఏం కావాలి. వాళ్లకోసం ఆ గదిలోంచి ఎవరు లేచి వెళ్లారన్నది దిగినవాళ్లు అడిగే ప్రశ్న కాదు.

ఆయన పోయాడని తెలిసిన రోజు మా నాన్న అన్నం ముట్టలేదు. నేను మామూలుగానే తిన్నాను. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆ రోజు పోర్ట్‌బ్లెయిర్ శివార్లలోని గరాచర్మ నుంచి ఫోన్ చేసినవాళ్లందరిదీ ఒకటే మాట, ధర్మాత్ముడు పోయాడని. నాకు ఆయనంటే అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే. పోయినవాళ్ల గురించి ఇలా రాయకూడదని తెలుసు. కానీ ఉన్నన్నాళ్లూ ఎదుటివాళ్లని నోరెత్తనివ్వని మనిషికి, పోయాక కూడా ఆ మర్యాద దక్కాలంటే నా వల్ల కాదు. ఆయన పేరు నాకు తెలిసినా వాడిన గుర్తు లేదు. అందరికీ ఆయన బాబాయ్.

మాది పోర్ట్‌బ్లెయిర్‌కి ఉత్తరాన, బస్సులో పూటంతా పట్టే రంగత్. నేను అక్కడి బడిలో తెలుగు చెబుతాను. మా నాన్న కుర్రతనంలో సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చి, అడవిలో దుంగల పనిలో చేరి, ఆ పనిలోనే రిటైరైనవాడు. ఆ తర్వాత ఇంటి వెనక పోకచెట్లు చూసుకుంటూ, సాయంత్రం బజార్లో నాలుగు మాటలు మాట్లాడుకుంటూ బతికేవాడు. షుగరుంది. చెప్పు ఒరుసుకున్న చోట పుండు పడింది. పట్టించుకోలేదు. కుడికాలి వేళ్లు రెండు తీసెయ్యాల్సి వచ్చింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. మిగిలిన పాదం నిలబెట్టుకోవచ్చు, కానీ పుండు మానేదాకా కట్టు తడవకూడదు, కాలు నేలకి మోపకూడదు, రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకోవాలి. రంగత్ నుంచి రావాలంటే చీకటితోనే బస్సెక్కాలి, ఆదివాసుల అడవి దారిలోకి పోలీసులు బండ్లన్నీ గుంపుగా వదిలేదాకా ఆగాలి, బస్సుతో సహా పడవెక్కి దాటాలి. రోజు విడిచి రోజు కుదిరే పని కాదు. పిల్లల్ని మా ఆయనకి అప్పగించి, బడికి సెలవు పెట్టి, నాన్నతో పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండిపోవాలనుకున్నాను. మెట్లు లేని గది, పొడి నేల, గదిలోనే బాత్రూం దొరకాలి. నాన్న పాదం మొత్తం వాటి మీదే ఆధారపడి ఉంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో గదులకి కొదవ లేదు, మనకి ఇచ్చేవి తప్ప. బజారు వీధుల్లో ఎక్కి దిగని లాడ్జీ లేదు. చవకైనవన్నీ పై అంతస్తుల్లో ఉంటాయి. కింద గది ఉన్న చోట కుర్రాడు తల పైకెత్తకుండా "టూరిస్ట్ హై క్యా?" అనేవాడు. "నహీ భయ్యా, హాస్పిటల్ కా కామ్ హై" అనగానే గదులన్నీ నిండిపోయేవి. ఒకతను మాత్రం దాపరికం లేకుండా చెప్పాడు. "దీదీ, పేషంట్ కో దియా తో బాద్ మే టూరిస్ట్ నహీ ఆయేగా. దవాయి కా బాస్ రహ్ జాతా హై." రోగికిస్తే గదిలో మందుల వాసన ఉండిపోతుందట, ఆ తర్వాత టూరిస్టు రాడట. పుట్టి పెరిగిన దీవుల్లో నాకు గది లేదు, ఎక్కడినుంచో విమానంలో దిగేవాడికి ఉంది. ఆ రోజు ఆటోలో కూర్చున్న నాన్న, కాలు నా సంచి మీద పెట్టుకుని, "పోనీయే, రంగత్ ఎల్లిపోదాం" అని మొదలుపెట్టాడు.

అప్పుడు టిఫిన్ కొట్టు నడిపే తెలుగావిడ మా అవస్థ చూసి, "గరాచర్మలో బాబాయ్ ఉన్నాడు. పేషంట్లకి గది ఇచ్చేది ఆయనొక్కడే" అని దారి చెప్పింది. ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాను.

ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. గది సంగతి నేను ఎత్తకముందే ఆటోలోకి తొంగిచూసి, "పెద్దాయనా, ఏ వూరు? ఎవరింటోళ్లు?" అన్నాడు. నాన్న ఊరు చెప్పాడు, ఇంటిపేరు చెప్పాడు. ఆయన కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. ఆయన ఇక్కడే పుట్టినవాడు, సోంపేట ఎప్పుడూ చూసి ఎరగడు. అయినా చుట్టరికం తేల్చేశాడు. "మా అమ్మమ్మోల్ది బారువ కదా. అయితే నువ్వు నాకు వరసకి అన్నయ్యవి. ఏ తో ఘర్ కా ఆద్మీ నికలా, మన ఇంటి మనిషే" అని తనే చంకలో చెయ్యి వేసి నాన్నని దించాడు. అప్పటిదాకా ఊరంతా కాదన్న మనిషి మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. "తమ్ముడూ" అన్నాడు నాన్న. నేను అద్దె ఎంతని అడిగితే ఇద్దరూ నన్ను తప్పు చేసినట్టు చూశారు.

తర్వాత తెలిసింది, ఆ వరసల లెక్క అందరికీ వేస్తాడని. డిగ్లీపూర్ నుంచి భర్త కిడ్నీ జబ్బుకి వచ్చి పక్క గదిలో ఉంటున్న బెంగాలీ దీదీకి ఆయన కాకా. అంతకుముందున్న తమిళులకి చిత్తప్పా. రాంచీ వాళ్లకి చాచా. ఏ భాషలో పిలిచినా తండ్రికి తమ్ముడే. ఆ వరస ఎందుకు ఎంచుకున్నాడో నాకు ఆలస్యంగా అర్థమైంది. అన్నగా ఉంటే బాధ్యత ఉంటుంది, మామగా ఉంటే పెట్టుపోతలుంటాయి. బాబాయ్‌కి చనువు తప్ప ఇంకేమీ ఉండదు.

ఆ చనువు ఎంతటిదంటే తలుపు కొట్టడం అనేది ఆయన ఎరగడు. నేరుగా లోపలికొచ్చి, పొయ్యి మీద గిన్నె మూత తీసి, గరిటెతో అరచేతిలో వేసుకుని చప్పరించి "ఉప్పు తగ్గింది కూతురా" అనేవాడు. బయటికి వెళ్తూ ఫ్యాను కట్టేసి పోయేవాడు. "గాలొస్తోంది కదమ్మా." తనకంటూ చెప్పులుండేవి కావు. ఏ గది ముందు ఏ జత ఉంటే అది తొడుక్కుని బజారుకి పోయేవాడు. మేం వచ్చిన కొన్నాళ్లకే నాన్న చెప్పులు ఆయన కాళ్లకి కనిపించాయి. నేను చూస్తున్నానని గమనించి, "అన్నయ్యకి ఇప్పుడు ఎందుకమ్మా ఇవి" అన్నాడు, ఎంతో దయగా. నాన్న నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట 'సర్దుకుందాం'. గరాచర్మలో నీళ్లు రోజూ రావు. వచ్చిన నీళ్లు ముందు టూరిస్టుల గదుల ట్యాంకులోకి పోతాయి. "ఈసారికి మనం సర్దుకుందాం." కరెంటు తగ్గితే మనం సర్దుకుందాం. ఆ 'మనం'లో ఆయన ఎప్పుడూ ఉండేవాడు కాదు. సర్దుకున్న వాళ్లం మేమే.

ఆయనకి ముందు మూడు గదులున్నాయి. వెనక వాలులో, మట్టి తొలిచి చేసిన మెట్లు దిగితే, చెక్క గోడలు, రేకు కప్పు ఉన్న కొట్టం ఒకటి. పాత సామాను, కొబ్బరి పీచు, విరిగిన మంచాలు అందులో పడేసి ఉండేవి. దానిని ఆయన వెనకిల్లు అనేవాడు. వానాకాలంలో టూరిస్టులు రారు కాబట్టి ముందు గదులు ఆసుపత్రి జనానికి ఇచ్చేవాడు. టూరిస్టులు వస్తే మాత్రం ఆసుపత్రి జనం వెనకింటికి దిగేవారు. అద్దె ముందు గదిదే. ఎందుకంటే ఇంటి మనుషులం కదా. ఇంటికి చుట్టాలొస్తే ఇంటివాళ్లు వసారాలో పడుకోరా? అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అన్న సామెత ఆ ఇంట్లో పుట్టిందేమో అనిపించేది.

ఇంత జరిగినా ఆయన ఎవర్నీ ఎప్పుడూ ఖాళీ చెయ్యమని అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఆ కిటుకు నాకు చెప్పింది డిగ్లీపూర్ దీదీ. ఒక మధ్యాహ్నం బట్టలారేస్తూ, "కటోరా ఆయా క్యా తుమ్హారే ఘర్?" అంది. ఏ గిన్నె అన్నాను. "ఆయేగా. మచ్ఛీ కా సాలన్ లేకే ఆయేగా కాకా. జిస్ దిన్ కటోరా ఆయా, సమఝ్ లో కమ్రా గయా" అని, చేపల పులుసు గిన్నె వచ్చిన రోజే గది పోయినట్టని చెప్పి, దండెం మీద మొగుడి చొక్కా దులిపింది. ఆవిడ అప్పటికే రెండుసార్లు దిగి ఎక్కింది.

ఆ వారంలోనే చూశాను. బాబాయ్ స్టీలు గిన్నెతో చేపల పులుసు తీసుకుని దీదీ గదిలోకి వెళ్లాడు. ఆవిడ భర్త పక్కన కూర్చుని యోగక్షేమాలు అడిగాడు. తర్వాత గుమ్మంలో నిలబడి గేటు వైపు చూస్తూ పెద్దగా నిట్టూర్చాడు. "మెహమాన్ ఆనేవాలే హై. కహా రఖూ, సమఝ్ మే నహీ ఆ రహా." చుట్టాలొస్తున్నారు, ఎక్కడ ఉంచాలో తోచటం లేదట. అంతే. కాసేపటికి దీదీ తలగడలు, మందుల సంచి మోసుకుంటూ మట్టిమెట్లు దిగుతోంది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, పులుసు పెట్టడం అక్కడే చూశాను.

మా గదికి గిన్నె వచ్చిన రోజు నేను సిద్ధంగానే ఉన్నాను. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి, అందులో రంగత్ నుంచి వచ్చిన అరటిపళ్లు పెట్టి, ఆయన నిట్టూర్చక ముందే చెప్పేశాను. "బాబాయ్, గది మాత్రం ఇవ్వలేం. డాక్టరు కాలు మోపొద్దన్నాడు."

ఆయన బుగ్గలు నొక్కుకున్నాడు. "అయ్యో తల్లీ, నేనడిగానేటి?"

అడగలేదు. నిజమే. పళ్ల గిన్నె పట్టుకుని తల వంచుకుని వెళ్లిపోయాడు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చివరికి అన్నాడు. "ఆడు అడగనే నేదు. నువ్వు ముందుగానే మొకమ్మీద కొట్టినట్టు మాటాడేసినావు. ఓడ దిగిన మనిసికి సోటు నేదనకూడదే."

ఈ మాట మా నాన్నకి మతం లాంటిది. ఆయన ఓడ దిగిన రోజు ఎవరూ తెలియదు. జెట్టీ దగ్గర తెలుగు మాట వినబడిన వైపు నడిచి, ఒక ముక్కూ మొహం తెలియని ఇంట్లో అడుగుపెట్టాడు. ఆ ఇంటాయన, పెళ్లాం బిడ్డలతో బయటికి జరిగి, నాన్నకి లోపల చాప పరిచాడట. ఆ రోజుల్లో దీవుల్లో మనవాళ్ల పద్ధతి అది. ముందొచ్చినవాళ్లు లేచి వెనకొచ్చినవాళ్లకి చోటివ్వాలి. తర్వాత మా ఇంట్లోనూ అలాగే జరిగేది. చిన్నప్పుడు నేను ఎన్ని రాత్రులు వంటింట్లో పడుకున్నానో. ఆ లేవడంలో డబ్బు లేదు, ఆ చోటు ఇచ్చినవాడు దానికి అద్దె తీసుకోలేదు. బాబాయ్‌కీ ఈ పద్ధతి తెలుసు, అందులోనే పెరిగాడు. మంచి పద్ధతిని చూసి, దీనితో గదులు ఎలా నింపొచ్చో కనిపెట్టిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.

రోగులకి గదులెందుకు ఇచ్చాడో కూడా అప్పటికి నాకు తెలిసిపోయింది. రోగి ఇంకో చోటికి పోలేడు. గట్టిగా అరవలేడు. పైగా ఊరంతా కాదన్నాక తీసుకున్నాడన్న కృతజ్ఞతతో వంగి ఉంటాడు. అటువంటి మనుషులు ముందు గదుల్లో ఉంటే, గది ఉన్నట్టూ ఉంటుంది, కావాలన్నప్పుడు ఖాళీ అయినట్టూ ఉంటుంది. దీన్ని జనం ధర్మం అన్నారు.

నాన్న కాలు మాత్రం బాగుపడుతోంది. కట్టు మార్చే సిస్టరు పుండు అంచులు గులాబీ రంగుకి తిరిగాయని నాకు చూపించింది. డాక్టరు "ఇంకొంచెం ఓపిక పట్టండి, పాదం దక్కినట్టే" అన్నాడు. నేను మా ఆయనకి ఫోన్ చేసి ఏడ్చాను, సంతోషంతో.

ఆ తర్వాత వాయుగుండం పట్టింది. సముద్రం లేచింది. టూరిస్టులు పోయే హేవ్‌లాక్ దీవికి బోట్లన్నీ ఆపేశారు. అవతలికి వెళ్లాల్సిన టూరిస్టులంతా పోర్ట్‌బ్లెయిర్‌లో ఇరుక్కుపోయారు. పెట్టెలు లాక్కుంటూ, పిల్లల్ని ఎత్తుకుని, వానలో గది గదికీ తిరుగుతున్నారు. అటువంటప్పుడు గది ధర ఇంత అని ఉండదు, నోటికెంత వస్తే అంత.

మందులు అయిపోతే నేను గొడుగేసుకుని ఆసుపత్రికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా గది తలుపు తోస్తే, నాన్న మంచం మీద ఎవరో పసిపాప నిద్రపోతోంది. నాన్న దుప్పటే కప్పారు. నా వయసే ఉన్న ఒకామె తల తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వింది. "ఆయియే దీదీ. వో అంకుల్ ఆప్ కే పాపా హై నా? ఇత్‌నే అచ్ఛే లోగ్ హమ్ నే కహీ నహీ దేఖే" అంది. ఇంత మంచివాళ్లని వాళ్లు ఎక్కడా చూడలేదట. వాళ్లది నాగపూర్ అట. వాళ్ల తప్పేమీ లేదు. గది అడిగారు, ఇచ్చారు.

వెనకింటికి పరిగెత్తాను. మట్టిమెట్లు జారుడుబల్లలా ఉన్నాయి. మధ్యలో ఒక మెట్టు విరిగి, బురదలో అడుగు దిగిన గుర్తు ఉంది. రేకు కింద, విరిగిన మంచం మీద కూర్చుని, కాలు రంగుడబ్బా మీద పెట్టుకుని ఉన్నాడు నాన్న. తెల్లటి కట్టు మడమ దాకా మట్టిరంగుకి మారింది. ఆ పక్కనే స్టీలు గిన్నెలో పులుసు. నన్ను చూసి నవ్వాడు కూడా.

"సంటిపిల్లతోటి తడిసిపోయి ఒచ్చినారే. ఓడ దొరకనేదంట. వానలో నిలబెట్టెస్తామేటి?"

"నడిచావా నాన్నా?"

"ఒంటికాలి మీద గెంతుకుంటా దిగిపోనాను. ఒక్క సోట జారిందనుకో. ఏటీ అవనేదు."

బాబాయ్ ముందు వసారాలో టీ తాగుతున్నాడు. వానలో తడుస్తూనే వెళ్లి ఎదుట నిలబడ్డాను. "మా నాన్న కాలు సంగతి మీకు తెలుసు. ఎలా దింపారు?"

కప్పు కింద పెట్టాడు. గొంతు పెంచలేదు, ఆయన ఎప్పుడూ పెంచడు. "నేను దింపలేదు తల్లీ. అన్నయ్య తనే లేచాడు. ఒట్టు, నేనేటీ అన్నేదు. ఓడ దొరకని మనుషులొచ్చారు, ఏం చెయ్యాలో తోచటం లేదు అని మాత్రం అన్నాను. ఇన్సాన్ హూ, మనిషిని కదమ్మా, బాధ చెప్పుకోనా?"

"వాళ్లని లేపండి."

"లోపల పసిపిల్ల ఉంది. లెగమని నువ్వే చెప్పు. నేనడ్డు రాను. ఘర్ తుమ్హారా హై, ఇల్లు నీదే."

చెప్పడానికే వెళ్లాను. తలుపు కొట్టి, వచ్చిన హిందీలో మా నాన్న కాలి సంగతి చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. వెంటనే పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఇంతలో కింద నుంచి నాన్న కేక వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా మీద అరవడం అదే మొదలు. "ఇచ్చిన సోటు ఎనక్కి లాక్కుంటావా? ఆళ్లు గాని గడప దాటితే నాను ఈ కట్టు ఇప్పి పారేస్తాను. నా పరువు తియ్యకే." వెనక కిటికీలోంచి చూస్తే, చెక్కగోడ పట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు, రెండు కాళ్ల మీదా. నేను ఆ నాగపూర్ ఆమె చేతిలోంచి పెట్టె తీసి కింద పెట్టి, దిగి వెళ్లి నాన్నని కూర్చోబెట్టాను. బాబాయ్ వసారాలోంచి అంతా చూస్తూ, టీ చల్లారిపోయిందని లోపలికి కేకేశాడు.

వాన వదల్లేదు. రేకుల సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఉన్న గుడ్డలన్నీ ఆ కాలికే చుట్టాను. నేనూ డిగ్లీపూర్ దీదీ చెరోవైపు పట్టి నాన్నని మెట్లెక్కించి ఆటోలో వేసి కట్టు మార్పించుకొచ్చేవాళ్లం. ఇంకో చోటికి పోదామంటే ఊళ్లో గది లేదు, బోట్లు లేక ఆగినవాళ్లతో అన్నీ నిండిపోయాయి. నాగపూర్ వాళ్లు వెళ్లారు, వెళ్తూ నాన్న కాళ్లకి దండం పెట్టి మరీ వెళ్లారు. వాళ్లు ఖాళీ చేసిన పూటే ఇంకెవరో ఆ గదిలో దిగారు. ఒక రోజు కట్టు విప్పగానే సిస్టరు డాక్టరుని పిలిచింది. ఆ వాసన నాకూ తెలిసింది.

మోకాలి కింద తీసేశారు. డాక్టరు షుగరు వల్ల అన్నాడు. ఒళ్లంతా షుగరున్నప్పుడు ఎంత జాగ్రత్త పడినా కొన్నిసార్లు ఇలా అవుతుందన్నాడు. ఆయన చదువు ఆయనది. నాకు మాత్రం ఎవరి వల్లో తెలుసు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజో ఐదో రోజో బాబాయ్ వార్డుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో రెండు కొబ్బరిబొండాలు. తిన్నగా మా దగ్గరికి రాలేదు. వార్డు మొదటినుంచీ ఒక్కో మంచం దగ్గరా ఆగి, ఏ ఊరు, ఎవరింటోళ్లు, ఎక్కడ దిగారు అని పలకరించుకుంటూ వస్తున్నాడు. మాయాబందర్ నుంచి కొడుకుని తెచ్చిన ఒక ముసలామెతో, "గరాచర్మలో మన ఇల్లుండగా వరండాలో పడుకోవడమేంటక్కా" అంటున్నాడు. ఆమె చీర చెంగుతో కళ్లొత్తుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. నేను చూస్తూ ఉన్నాను.

మా మంచం దగ్గరికొచ్చి బొండాలు కింద పెట్టి, కూర్చోవడానికి చుట్టూ చూశాడు. ఉన్న ఒక్క స్టూలు మీద నా సంచి ఉంది. నేను తియ్యలేదు. అది నాన్న చూశాడు. మోచేతుల మీద బలం పెట్టి, పళ్లు బిగించి, పక్కకి జరిగాడు. ఆ జరగడానికి ఆయనకి చెమటలు పట్టాయి. దుప్పటి కుడివైపు మోకాలి దాకా ఎత్తుగా ఉండి, అక్కడినుంచి మంచానికి అంటుకుపోయి ఉంది. బాబాయ్ అక్కడ కూర్చున్నాడు. కూర్చుని నాన్న చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "అన్నయ్యా, ఎంత పనయిపోయింది" అని ఏడ్చాడు. అవి దొంగ ఏడుపులని నేను అనను. నిజంగానే ఏడ్చాడు. అందుకే ఇంకా భరించలేకపోయాను.

"లేవండి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు.

"అది మా నాన్న కాలుండే చోటు. లేవండి అక్కణ్ణించి."

అటుపక్క ముసలామె తల తిప్పి చూసింది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. సర్దుకుందాం అనలేదు, తల్లీ అనలేదు. నాన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు, పరువు పోతున్న మనిషి బతిమాలినట్టు చూశాడు. తర్వాత దుప్పటి అడుగుభాగాన్ని చేత్తో రెండుసార్లు తట్టి చదును చేశాడు.

"కూకోనియ్యే అమ్మా" అన్నాడు. "కాళీగానే ఉన్నాది కదేటి."

బాబాయ్ మళ్లీ కూర్చున్నాడు.